నిన్నటి దాకా బాగున్న టమాటా మొక్క

"నిన్న సాయంత్రం నీళ్ళు పోసినప్పుడు కూడా బాగానే ఉందండీ. పొద్దున చూస్తే ఆకుల నిండా మచ్చలు!"

మిద్దె మీద టమాటా పెంచేవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట దాదాపు ఇదే. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టి ఐదో రోజు ఎండ కాసిందంటే, మా అపార్ట్‌మెంటులోనే ఇద్దరు ముగ్గురు ఆకు తెంపుకొచ్చి తలుపు కొడతారు. పక్కింటి పిన్నిగారు తెగులు మాట ఒప్పుకోరు. "అంత విరగకాస్తే కళ్ళు పడవా? నాలుగు ఎండుమిరపకాయలు దిష్టి తీసి పడెయ్యి, అదే పోతుంది" అంటారు. మందుల కొట్టాయనదీ అదే ధీమా. కాకపోతే మిరపకాయలకు బదులు ఓ పొట్లం చేతిలో పెడతాడు. ఆకు వెనక్కి తిప్పి చూసే అలవాటు ఇద్దరికీ లేదు.

హైదరాబాద్ నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి డాబా చూసి మిద్దెతోట పట్టినవాళ్ళు చాలామంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా రెండు వందల దగ్గరికి పోయినప్పుడు కోపంతో మొదలుపెట్టినవాళ్ళు ఇంకొందరు. ఎవరు ఎలా మొదలుపెట్టినా, తొలి వానాకాలంలో ఆకుమచ్చ అందరి ఇంటికీ వస్తుంది. దాని మీద సలహాలకు కొదవ లేదు. విశ్వవిద్యాలయాల పుస్తకాలు, ప్రకృతి సేద్యం కషాయాలు, వంటింటి చిట్కాలు, ఫోన్ యాప్‌లు, అమెరికా తోటమాలుల పద్ధతులు అన్నీ ఒకచోట పెట్టి చూస్తే కొన్ని నిలబడతాయి, కొన్ని తేలిపోతాయి. ఏవి ఏవో చూద్దాం.

ముందుగా ఆ "నిన్నటి దాకా" సంగతి. ఆకు మీద పడ్డ శిలీంధ్ర బీజం తడి దొరికితే మొలకెత్తి, లోపలికి చొచ్చుకుపోయి, పైకి ఏమీ తెలియకుండా రోజుల తరబడి తింటూ ఉంటుంది. సెప్టోరియా అనే ఆకుమచ్చకు ఐదారు రోజులు పడుతుంది. వలయాల మచ్చలు తెచ్చే ఆల్టర్నేరియాకూ రమారమి అంతే. అన్నిటికంటే తొందరపాటుది లేటు బ్లైట్, దానికి మూడు నాలుగు రోజులు చాలు. అంటే ఈ పొద్దున కనిపించిన మచ్చ పోయిన వారం వానలో పడ్డ విత్తనం. మందు కొట్టాక కూడా కొన్ని రోజులు కొత్త మచ్చలు తేలుతూనే ఉంటాయి, అవన్నీ అప్పటికే లోపల ఉన్నవి. ఇది తెలియక చాలామంది మందు పనిచేయలేదనుకుని మూడో రోజు ఇంకోటి తెచ్చి కొడతారు. ఉన్న మచ్చ ఏ మందుకూ మాయం కాదు. మచ్చ పడ్డ ఆకు మళ్ళీ పచ్చబడదు.

ఇక రెండో సంగతి. "ఆకుమచ్చ" అనేది ఒక తెగులు పేరు కాదు, ఐదారు తెగుళ్ళకు మనం పెట్టుకున్న ఉమ్మడి పేరు. దేనికి ఏ మందన్నది తర్వాత. మచ్చ కింది ఆకుతో మొదలైందా, పై చిగురుతో మొదలైందా అన్నది మొదట చూసుకోవాలి.

కింది ముదురాకుతో మొదలయ్యేవి రెండు. ఆల్టర్నేరియా తెచ్చే ఆకుమాడు మచ్చలు పెద్దవి, గోధుమరంగువి. ఒకదాని లోపల ఒకటి వలయాలుంటాయి, ఉల్లిపాయను అడ్డంగా కోస్తే కనిపించినట్టు. చుట్టూ ఆకు పసుపు తిరుగుతుంది. కాండం మీదా, కాయ తొడిమ దగ్గరా కూడా నల్లగా పల్లం పడుతుంది. 24 నుంచి 29 డిగ్రీల వేడి దీనికి ఇష్టం, కాబట్టి మన ఊళ్ళలో దీనికి సెలవు రోజులు తక్కువ. కాయల బరువు మోస్తూ తిండి చాలక అలసిన మొక్కను ఇది ముందు పట్టుకుంటుంది. నత్రజని తగ్గిన మొక్కకు ఈ తెగులు ఎక్కువన్నది పాత పరిశీలనే, కుండీలకు మరీ వర్తిస్తుంది. పోసిన నీళ్ళతో పాటు అడుగు చిల్లులోంచి ఎరువు కూడా కారిపోతుంది కదా.

సెప్టోరియా మచ్చలు చిన్నవి, రెండు మూడు మిల్లీమీటర్లు. కానీ లెక్కకు అందవు. నడుమ బూడిదరంగు, చుట్టూ ముదురు అంచు. కంసాలి కంటికి పెట్టుకునే భూతద్దంతో చూస్తే ఆ బూడిద నడుమ మిరియపు పొడి చల్లినట్టు నల్లటి నలకలు కనిపిస్తాయి. అవే బీజాల సంచులు. ఆ నలకలు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. తొలి పిందెలు పడే వేళకు ఇది కింద మొదలై నిచ్చెన ఎక్కినట్టు పైకి పోతుంది. కాయ జోలికి దాదాపు రాదు. ఆకులన్నీ రాలిపోయి, గుత్తులు మాత్రం వేలాడే మొక్కను చూశారంటే అది చాలాసార్లు దీని పనే. నీడ పోయిన కాయ తర్వాత ఎండకు తెల్లగా ఉడుకుతుంది.

మూడోది బ్యాక్టీరియా మచ్చ. జాంథోమొనాస్ జాతిది. గుండుసూది తలంత నల్లటి, తడిసినట్టు జిడ్డుగా ఉండే చుక్కలు. ఎండాక నడుమ ఊడి ఆకుకు చిల్లులు పడతాయి. పచ్చి కాయ మీద వేలితో తడిమితే గరుకుగా పొక్కులు తగులుతాయి. ఇది శిలీంధ్రం కాదు గనక, రాగి మందు తప్ప శిలీంధ్రాలను చంపే పొడులు ఎన్ని కొట్టినా దీనికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

లేటు బ్లైట్ సంగతి వేరు. ఫైటాఫ్తొరా ఇన్‌ఫెస్టాన్స్ అని దానికి 1876లో ఆంటోన్ డి బారీ పేరు పెట్టాడు. 1845 నుంచి ఐర్లండ్ బంగాళాదుంప పొలాలను కుళ్ళబెట్టి సుమారు పది లక్షల మంది చావుకు దారితీసింది ఇదే. చూడడానికి బూజే గానీ నిజమైన శిలీంధ్రం కాదు. వరస కలిపితే సముద్రపు గోధుమరంగు నాచుకు దగ్గరి చుట్టం. చల్లదనం, ఎడతెగని తడి రెండూ కలిస్తేనే విజృంభిస్తుంది. వేడినీళ్ళు పోస్తే ఉడికినట్టు ఆకు మీద పెద్ద పెద్ద మరకలు, తెల్లవారుజామున ఆకు వెనక తెల్లటి నూగు. దీనికి కింద, పైన అన్న పట్టింపు లేదు. 2009-10లో కర్ణాటక టమాటా పొలాలను ఇది ఊడ్చేసింది. అప్పుడు దొరికినది అంతకుముందు యూరప్‌లో బలంగా పాకిన రకమని పరిశోధకులు తేల్చారు. హైదరాబాద్ డాబాల మీద నేను దీన్ని తరచుగా చూడలేదు. చూసినప్పుడు మాత్రం వారం తిరక్కుండా మొక్క పోయింది. అనుమానమొస్తే ఆకును తడి కాగితంతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి తెల్లని నూగు లేచిందంటే అదే.

పై చిగురుతో మొదలై, లేత ఆకులు కంచు రంగుకు తిరిగి మొవ్వ మాడిపోతుంటే అది వైరస్. వేరుశెనగలో మొవ్వుకుళ్ళు అని మన రైతులకు తెలిసిందే. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దాని మీద ఎంతో పనిచేశారు. టమాటాకూ అదే వస్తుంది, తామర పురుగులు మోసుకొస్తాయి. పండిన కాయ మీద పసుపు వలయాలు పడతాయి. దీనికి మందు లేదు, మొక్క పీకేయడమే.

తెగులే కానివి కూడా ఉన్నాయి. ఆకు మీద తెల్లటి మెలికల గీతలుంటే అది పాముపొడ. 1990లో హైదరాబాద్ దగ్గర ఆముదం మీద మన దేశంలో మొదటిసారి బయటపడ్డ పురుగు అది. గీత కాకుండా కాగితంలా పలచబడిన మచ్చలైతే 2014లో పుణె వైపు కనిపించి తర్వాత దక్షిణానికి దిగిన ట్యూటా పురుగు కావచ్చు. మిట్టమధ్యాహ్నం వేపనూనె, సబ్బునీళ్ళు చిక్కగా కొట్టి ఆకు కాల్చుకుని, ఆ కాలిన మచ్చలకు మళ్ళీ మందడిగినవాళ్ళూ ఉన్నారు. (నేనూ ఒకసారి ఆ పని చేశాను, అందుకే చెబుతున్నాను.)

వైరస్‌ను, పురుగును పక్కన పెడితే మిగతావాటన్నిటికీ కావలసింది ఒకటే: ఆకు మీద గంటల తరబడి నిలిచే తడి. ఈ సంగతి మీద ఏ పరిశోధకుడికీ పేచీ లేదు. 1978లో అమెరికా పెన్సిల్వేనియాలో ముగ్గురు శాస్త్రవేత్తలు ఆల్టర్నేరియా కోసం ఒక లెక్క కట్టారు. ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంది, అప్పుడు ఎంత వేడి ఉంది అన్న రెండు అంకెల నుంచి రోజుకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తారు. తర్వాత కెనడాలోని ఒంటారియోలో దాన్ని సరళం చేసి టామ్‌కాస్ట్ అన్నారు. మార్కులు కూడి పదిహేను ఇరవై దాటితేనే రైతు మందు కొడతాడు, లేకపోతే లేదు. క్యాలెండర్ చూసి వారం వారం కొట్టే అలవాటును అది చాలాచోట్ల మాన్పించింది. మన మిద్దెకు ఆ యంత్రాలు అక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి పైపుతో మొక్క తల మీద నుంచి నీళ్ళు కొట్టామంటే ఆ తడి తెల్లారి ఎండెక్కే దాకా ఉంటుంది. ఒక్క రోజుకు పన్నెండు గంటలు మనమే రాసిచ్చినట్టు. అదే నీళ్ళు పొద్దున్నే మొక్క మొదట్లో పోస్తే ఆకు తడవదు.

నిరుడు నా ఆరు కుండీల్లో మూడింటిని మెట్ల గది సన్‌షేడ్ కిందికి జరిపాను. మిగతా మూడూ వానలోనే ఉండిపోయాయి, జరపడానికి చోటు లేక. వాన తగలనివాటికి వినాయక చవితి దాకా చుక్క పడలేదు. వానలోవి అప్పటికి మోకాలెత్తు దాకా బోడిగా ఉన్నాయి. ఇది ప్రయోగం కాదు, ఆరు కుండీలతో ఏమీ రుజువు కాదు. కానీ మిద్దెతోటవాడికి పొలం రైతుకు లేని ఒక సౌకర్యముంది. వాడి మొక్క కదులుతుంది.

తడి తర్వాత చినుకు. వాన చుక్క మట్టి మీద పడి చిందినప్పుడు కింద రాలిన ఆకుల్లోని బీజాలు కింది కొమ్మకు అంటుకుంటాయి. తెగులు కింది నుంచి ఎక్కడానికి కారణం అదే. కుండీలో మట్టి కనబడకుండా రెండంగుళాలు వరిగడ్డో ఎండుటాకులో పరిచి, మొక్క నడుము దాటాక కింది అడుగు మేర ఆకులు తీసేస్తే ఆ నిచ్చెనకు కింది మెట్లు విరిచినట్టే. ఇంత చవకైన పని గనకనేమో కొట్టులో ఎవరూ చెప్పరు.

మచ్చ కనబడ్డ రోజు చేయాల్సింది కూడా కత్తెరతోనే. ఆకు పూర్తిగా ఆరాక, అంటే పదిన్నర పదకొండు గంటలకు, మచ్చ పడ్డ ఆకులు తీయండి. తడి ఆకులు ముట్టుకుంటే మన వేళ్ళే వాన చేసే పని చేస్తాయి. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయేటప్పుడు కత్తెరను స్పిరిట్ దూదితో తుడవండి. మొత్తం ఆకుల్లో మూడో వంతుకు మించి ఒకేసారి తీయకండి, ఆకు లేకపోతే కాయకు తిండి లేదు. కోసిన ఆకులు ఇంటి కంపోస్టు డబ్బాలో వేయొద్దు. పెద్ద కుప్ప 55 డిగ్రీలకు కాగి క్రిములను చంపుతుంది గానీ మన బకెట్టు కంపోస్టు గోరువెచ్చన దాటదు. కవర్లో కట్టి చెత్తబండికి ఇవ్వండి. మొక్కకు గుప్పెడు వర్మీకంపోస్టో, జీవామృతమో వేసి వదిలేయండి. పది రోజులకు పైన కొత్త చిగురు శుభ్రంగా వస్తే గెలిచినట్టే.

ఇక మందులు. వంటింటి నుంచి మొదలుపెడదాం. పాలు చల్లితే తెగులు పోతుందన్న మాటకు ఆధారం ఉంది, కానీ అది వేరే తెగులుకు. 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ గుమ్మడి జాతి మొక్క మీద బూడిద తెగులుకు పాలు పనిచేస్తాయని చూపించాడు. వంటసోడా కథా అంతే, దాని పేరు కూడా బూడిద తెగులు దగ్గరే నిలబడింది. బూడిద తెగులు ఆకు పైపైన పాకే బూజు. మన ఆకుమచ్చ లోపల కాపురం పెట్టేది. ఒకదానికి పనిచేసింది రెండోదానికి చేస్తుందనుకోవడం పొరపాటు. పుల్లమజ్జిగ, శొంఠిపాల కషాయం ప్రకృతి సేద్యంలో విరివిగా వాడతారు. రెండు వందల గ్రాముల శొంఠి రెండు లీటర్ల నీళ్ళలో సగానికి మరిగించి, ఐదు లీటర్ల కాచిన పాలు కలిపి, రెండు వందల లీటర్లకు పలచన చేయడం ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ పద్ధతి. మచ్చ రాకముందు వాడేవాళ్ళు మంచి మాటే చెబుతారు. వచ్చాక దీనితో ఆగిందన్న మొక్క నేను చూడలేదు. ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం మంచి మిత్రుడే, కానీ దాని రాజ్యం వేళ్ళ దగ్గర. ఎండుతెగులుకూ కుళ్ళుకూ వాడండి, ఆకు మీద చల్లి అద్భుతాలు ఆశించకండి.

రాగి మందులకు పెద్ద చరిత్ర ఉంది. 1880లలో ఫ్రాన్స్ బోర్డో ప్రాంతంలో బాటసారులు ద్రాక్ష కోసుకు తినకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి దారి పక్క తీగలకు పూసేవారు. ఆ తీగలకే తెగులు లేకపోవడం మిల్లార్దే అనే వృక్షశాస్త్రవేత్త కంట పడింది. 1885లో బోర్డో మిశ్రమం లోకానికి తెలిసింది. దొంగల భయం మందయింది. ఇంటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు సులువు. ఆల్టర్నేరియా, సెప్టోరియా, బ్యాక్టీరియా మూడింటికీ అంతో ఇంతో అడ్డుకట్ట వేసేది ఇదొక్కటే. అడ్డుకట్ట అన్నాను, చికిత్స అనలేదు. ఆకు మీద పొరలా ఉండి కొత్త బీజాన్ని ఆపుతుంది, లోపలున్నదాన్ని ముట్టదు, పెద్ద వానకు కడుక్కుపోతుంది. పైగా రాగి ఎక్కడికీ పోదు, కుండీ మట్టిలో పేరుకుంటుంది. రాగిని లెక్కచేయని జాంథోమొనాస్‌ను ఫ్లోరిడాలో 1980లలోనే చూశారు. సీజనుకు రెండు మూడు సార్లకు మించి వాడకపోవడం మంచిది.

కొట్టులో ముందుగా చేతికిచ్చే కార్బెండజిమ్ మీద నాకు పేచీ ఉంది. సెప్టోరియాకు అది పనిచేస్తుంది. ఆల్టర్నేరియాకు చేయదు, లేటు బ్లైట్‌కు చేయదు, బ్యాక్టీరియాకు అసలే చేయదు. మాంకోజెబ్ లీటరుకు రెండున్నర గ్రాములు ఆల్టర్నేరియా, సెప్టోరియా రెండింటినీ నిలువరిస్తుంది, దశాబ్దాలుగా పుస్తకాలన్నీ చెబుతున్నది అదే. అయితే 2020 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ దానికి అనుమతి పొడిగించలేదు. సంతానోత్పత్తికీ హార్మోన్లకూ హాని అన్నది కారణం. పొలం బతుకుదెరువైన రైతు లెక్క వేరు. ఆరు కుండీల కోసం, పిల్లలు గాలిపటాలెగరేసే డాబా మీద అది కొట్టాలా అంటే నేను వద్దంటాను. బ్యాక్టీరియా మచ్చకు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడి వాడమని పాత పుస్తకాల్లో ఉంటుంది. మనుషులకు పనికొచ్చే యాంటీబయాటిక్ మందులవి. పంటల్లో వాటిని నిషేధించే ముసాయిదాను కేంద్రం 2021 డిసెంబరులో ఇచ్చింది. పుస్తకం ఎంత పాతదో చూసుకుని చదవండి.

ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్‌ల సంగతీ చెప్పాలి. ప్లాంటిక్స్ లాంటిది 2017 నుంచే తెలుగులో ఉంది, ఇక్రిశాట్, ఎన్జీ రంగా వర్సిటీ చేయి కలిపాయి. ఈ విద్యకు పునాది వేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. 54,306 ఆకుల ఫోటోలతో కంప్యూటర్‌కు నేర్పితే అలాంటి ఫోటోల్లోనే 99 శాతానికి పైగా సరిగ్గా పోల్చింది. వేరే చోట, వేరే వెలుతురులో తీసిన ఫోటోలు ఇస్తే 31 శాతానికి పడిపోయింది. తర్వాత యాప్‌లు మెరుగుపడ్డాయి, నిజమే. అయినా ఆకు వెనక వైపు, మచ్చకు దగ్గరగా, నీడలో ఇంకో ఫోటో కూడా తీసి రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూసుకోండి. కలవకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

వచ్చే పంటకు చేయగలిగినవి ఇంతకంటే గట్టివి. బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రక్షక్, అర్క సామ్రాట్ ఆకుముడత వైరస్‌ను, బ్యాక్టీరియా ఎండుతెగులును, ఆల్టర్నేరియా ఆకుమాడును మూడింటినీ తట్టుకుంటాయి. అర్క అభేద్ వాటితో పాటు లేటు బ్లైట్‌నూ తట్టుకుంటుంది. సెప్టోరియాకు ఇవి హామీ కాదు. ఇంట్లో దాచిన విత్తనమైతే 50 డిగ్రీల నీళ్ళలో 25 నిమిషాలు ఉంచి ఆరబెడితే పైన అంటుకున్న బ్యాక్టీరియా చాలా మటుకు పోతుంది. థర్మామీటర్ లేకుండా మాత్రం చేయకండి, విత్తనం ఉడికిపోతుంది. టమాటా వేసిన మట్టిలో మళ్ళీ టమాటా, వంగ, మిరప వేయకుండా తోటకూరో చిక్కుడో వేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ మట్టిని తడిపి, పారదర్శకమైన పాలిథిన్ కప్పి నెలా నెలన్నర ఎండకు వదిలేయండి. మన డాబాల వేడి అప్పుడైనా పనికొస్తుంది. కాలం ఎంచుకునే వీలుంటే జూన్ నారు మానేసి సెప్టెంబరు చివర విత్తి, వానలు తగ్గాక నాటండి. తెలంగాణ డాబాకు నా ఓటు దానికే. కోస్తావాళ్ళకు తుపాన్లు పోయేదాకా ఆగక తప్పదు.

చివరిగా నారు. 2009లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో లేటు బ్లైట్ ఎన్నడూ లేనంత తొందరగా, విస్తారంగా పాకింది. పెద్ద దుకాణాల్లో ఇంటి తోటల కోసం అమ్మిన టమాటా నారుతో అది ఊరూరా చేరిందని తర్వాత తేలింది. నా మొదటి తెగులు కూడా అలాగే వచ్చింది. ఊరి చివర నర్సరీలో ట్రేలో పచ్చగా నిగనిగలాడే నారు, కింది రెండాకుల మీద నాలుగు చుక్కలు. అడిగితే "నీళ్ళ మరకలండీ, రెండు రోజుల్లో పోతాయి" అన్నాడు. పోలేదు, పక్క కుండీలకు కూడా వెళ్ళాయి. మీరు నారు కొనేటప్పుడు డబ్బులివ్వకముందే కింది ఆకు తిప్పి చూడండి. చుక్క ఉంటే ఊరికే ఇస్తానన్నా తెచ్చుకోకండి.